సీసం లేని పెట్రోలుతో పాత కారు: వాల్వు సీట్లపైనే కన్నేయాలి

ఇనుప హెడ్డు ఇంజిన్లకే ముప్పు. ట్యాపెట్ గ్యాప్‌తో ముందే పసిగట్టవచ్చు

తాతల నాటి అంబాసిడర్‌ను, తండ్రి కొన్న ఫియట్‌ను అమ్ముకోలేక ఇంటి ముందు పందిరి కింద కాపాడుకుంటున్న కుటుంబాలు పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ నేటికీ ఉన్నాయి. సీసం కలిపిన పెట్రోలు వాడకంలో ఉన్న రోజుల్లో తయారైన ఈ ఇంజిన్లు సీసం లేని పెట్రోలుతో పాడవుతాయేమోనన్న సందేహం వాటి యజమానులను వెంటాడుతూనే ఉంటుంది. ఆ భయంతో కొందరు బండిని మూలన పెడుతుండగా, మరికొందరు అవసరం లేని మందులను ట్యాంకులో పోస్తున్నారు. ఏ ఇంజినుకు ముప్పుందో, దేనికి లేదో తెలుసుకుంటే ఈ రెండూ తప్పుతాయి.

సీసం ఎందుకు కలిపారు?

ఇంజిను బరువు లాగేటప్పుడు పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి మండితే లోపల టకటకమని నాకింగ్ వస్తుంది. టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనాన్ని కొద్దిగా కలిపితే ఈ బెడద తొలగుతుందని అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజినీరు థామస్ మిడ్‌గ్లే 1921లో కనుగొన్నారు. 1923 నుంచి అది బంకుల్లో అమ్మకానికి వచ్చింది. అయితే పొగతో పాటు గాలిలో కలిసిన సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని తేలడంతో ఒక్కో దేశం దానిని వదులుకుంది. సీసం కొత్త కార్ల కేటలిటిక్ కన్వర్టర్లను కూడా పాడుచేస్తుంది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మకం మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అదే వాడుకలోకి వచ్చింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో సీసం పెట్రోలుకు స్వస్తి పలికింది.

హెడ్డులో జరిగేదేమిటి?

సీసం వల్ల ఇంజినుకు మరో మేలు కూడా జరిగేది. అది మండగా మిగిలిన పలుచని పూత ఎగ్జాస్ట్ వాల్వుకు, అది కూర్చునే సీటుకు మధ్య మెత్తలా పనిచేసేది. ఇంజిను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ప్రతి వాల్వూ 1,500 సార్లు సీటుపై పడుతుంది. మండే వాయువులు ఎగ్జాస్ట్ వాల్వు మీదుగానే బయటికి పోవడంతో అది విపరీతంగా వేడెక్కుతుంది. పూత లేనప్పుడు ఆ వేడికి వాల్వు అంచు మెత్తని పోత ఇనుము సీటుకు అంటుకుని, లేచేటప్పుడు ఇనుప రేణువులను పెరికివేస్తుంది. ఆ రేణువులే గరుకు కాగితంలా సీటును అరగదీస్తాయి. క్రమంగా వాల్వు హెడ్డులోకి దిగిపోతుంది.

వేగం, బరువు పెరిగేకొద్దీ ఈ అరుగుదల పెరుగుతుంది. ఊరి రోడ్లపై 50, 60 కిలోమీటర్ల వేగంతో నడిచే బండికి ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. అదే బండిని జాతీయ రహదారిపై గంటల కొద్దీ పూర్తి వేగంతో తోలితే నష్టం త్వరగా కనిపిస్తుంది.

ఏ బండికి ముప్పు?

బ్రిటన్ బీఎంసీ సంస్థ నమూనాపై తయారైన 1,489 సీసీ పెట్రోలు ఇంజినుతో వచ్చిన పాత అంబాసిడర్లలో హెడ్డు పోత ఇనుముది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ అంతే. సీట్లు హెడ్డులోనే చెక్కి ఉంటే ఇలాంటి ఇంజిన్లపై కన్నేసి ఉంచాలి. ఫియట్ 1100, ప్రీమియర్ పద్మిని కార్లలో హెడ్డు అల్యూమినియంది. అల్యూమినియం వాల్వు దెబ్బలకు ఆగదు కనుక అందులో గట్టి లోహపు సీటు రింగులు మొదటి నుంచీ బిగించే ఉంటాయి. వీటికి ముప్పు తక్కువ. ఇసుజు 1,800 సీసీ ఇంజిను గల అంబాసిడర్లదీ అల్యూమినియం హెడ్డే. డీజిలు బండ్లకు ఈ సమస్యతో సంబంధం లేదు. పాత చేతక్ స్కూటర్లు, యెజ్డీ మోటారుసైకిళ్ల వంటి రెండు స్ట్రోకుల బండ్లలో ఇలాంటి వాల్వులే ఉండవు.

గుర్తించేదెలా?

వాల్వు లోపలికి దిగితే ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది. దాంతో ట్యాపెట్ల చప్పుడు ఆగిపోయి ఇంజిను మెత్తగా నడుస్తున్నట్లు అనిపిస్తుంది. పాత ఇంజిను ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే సంతోషించకుండా గ్యాప్ చూపించాలి. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు మూసుకోక, అంచు కాలి, ఆ సిలిండరులో కంప్రెషన్ పడిపోతుంది.

సుమారు 5,000 కిలోమీటర్లకు ఒకసారి ఫీలర్ గేజితో గ్యాప్ కొలిపించి, ఎనిమిది వాల్వుల లెక్కనూ పుస్తకంలో రాసుకోవడం మేలు. రెండు మూడు తనిఖీల్లో మార్పు లేకుంటే బెంగ అక్కర్లేదు. ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాప్ మాత్రమే ప్రతిసారీ తగ్గుతుంటే సీటు అరుగుతున్నట్లే.

శాశ్వత పరిష్కారం

2000 నుంచి ఆగకుండా తిరుగుతున్న బండి ఇన్నేళ్లూ సీసం లేని పెట్రోలుతోనే నడిచింది. గ్యాప్ నిలకడగా ఉన్నప్పుడు ఈ ఒక్క భయంతో హెడ్డు విప్పనవసరం లేదు. వేరే పని మీద హెడ్డు దింపినప్పుడే ఎగ్జాస్ట్ సీట్లకు గట్టి లోహపు రింగులు వేయిస్తే సమస్య తీరిపోతుంది. అరిగిన సీటును కట్టరుతో చెక్కించి సరిపెడితే మళ్లీ మెత్తని ఇనుమే పైకి తేలుతుంది.

రింగు వేయడం లేత్ పనిలో చేయి తిరిగినవారు చేయవలసిన పని. గాడి లోతు మించితే నీటి దారికి చిల్లు పడుతుంది. రింగు వదులైతే ఊడి పిస్టన్‌ను పగలగొడుతుంది. వాల్వు గైడ్లు అరిగి ఉంటే వాటినీ మార్చాలి.

సీసానికి బదులుగా ట్యాంకులో కలిపే మందులు పొటాషియం, మాంగనీసు వంటి వాటితో తయారవుతాయి. వీటిలో కొన్ని అరుగుదలను తగ్గించినా, కలిపినంత కాలమే ఫలితం. అరిగిన సీటును అవి బాగుచేయలేవు. రెండు రకాల మందులను కలిపి వాడరాదు. పద్మినికి, రింగులు వేసిన హెడ్డుకు వీటి అవసరం లేదు.

నాకింగ్ వినిపిస్తే ముందుగా టైమింగ్ సరిచూడాలి. నేడు బంకుల్లో దొరికే సాధారణ పెట్రోలు ఆక్టేన్ సంఖ్య 91కి తగ్గదు. తక్కువ కంప్రెషన్‌తో రూపొందిన పాత ఇంజిన్లకు అది చాలు.

ఇప్పుడు ఇథనాల్

సీసం సంగతి తేలినా, పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం పాత కార్లకు కొత్త పరీక్ష తెచ్చింది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన ఈ పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ను ఇథనాల్ ఉబ్బించి పగిలేలా చేస్తుంది. గొట్టం చీలి వేడి ఇంజినుపై పెట్రోలు కారితే బండి తగలబడే ప్రమాదం ఉంది. కాబట్టి గొట్టాలు, డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లను ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించాలి.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకులో నీరు అడుగుకు చేరి తుప్పు పడుతుంది. వారానికోసారైనా బండి తిప్పడం, ఎక్కువ కాలం నిలిపితే ట్యాంకు ఖాళీ చేయించడం మంచిది. మిశ్రమం పలుచబడి ఇంజిను తడబడితే కార్బురేటర్ జెట్ మార్చవలసి రావచ్చు. పలుచని మిశ్రమం ఎగ్జాస్ట్ వాల్వు వేడిని పెంచుతుంది కనుక ఇనుప హెడ్డు బండ్లకు ఈ సవరణ మరింత ముఖ్యం.