గోదావరి గట్టున జీతం లేని కొలువు

మన బడిలో చదివిన వాళ్ళలో రాజమహేంద్రవరం వెళ్ళని వారుండరు. పుష్కరాలకో, పెళ్ళిబట్టలకో, ఆసుపత్రి పనికో ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళే ఉంటాం. గోదావరి గట్టున ఉన్న రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియంలో అడుగుపెట్టిన వారు మాత్రం తక్కువ. ఏముంటాయి, నాలుగు విరిగిన విగ్రహాలేగా అనుకుంటాం. అవి అక్కడికి చేరిన తీరు తెలిస్తే ఆ మాట అనలేం.

అది సర్కారు తలపెట్టి కట్టించిన మ్యూజియం కాదు. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం జరిగి 1922 నాటికి తొమ్మిది వందల ఏళ్ళు నిండాయి. ఆ సంవత్సరమే రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది, పట్టాభిషేక సంచిక వెలువడింది. ఆ పనిలో ముందు నిలిచిన భావరాజు వెంకట కృష్ణారావు గారు వృత్తికి వకీలు. రాళ్ళబండి సుబ్బారావు గారు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఇద్దరికీ పొట్ట గడిచే పని వేరే ఉంది. చరిత్ర పని ఆ తరువాత. 1926 నుంచి మండలి ఇంగ్లీషులో ఒక పత్రిక కూడా నడిపింది. తూర్పు చాళుక్యుల గురించి, కళింగ రాజుల గురించి రాసే వాళ్ళు ఈనాటికీ ఆ సంపుటాలు తిరగేయక తప్పదు.

ఇంతకీ పట్టాభిషేకం 1022లో అని ఎలా తెలిసింది? కోరుమిల్లి రాగిశాసనం వల్ల. శకవర్షం 944, సింహమాసం, బహుళ విదియ, గురువారం అని అందులో ఉంది. లెక్క కడితే 1022 ఆగస్టు 16 అవుతుంది. అలాగే కోనసీమలోని నందంపూడిని రాజరాజు 1053లో నారాయణభట్టుకు దానమిచ్చిన సంగతి నందంపూడి శాసనం చెబుతుంది. దాన్ని రచించింది మన నన్నయభట్టే. భారతం రాసిన వాడికీ, ఆ రచనలో తోడ్పడిన వాడికీ రాగి మీద దొరికిన సాక్ష్యమది.

ఈ రేకులను చూడని వారి కోసం రెండు మాటలు. అక్షరాలు అరిగిపోకుండా అంచులు కాస్త లేపి ఉంటాయి. రేకులన్నిటికీ బెజ్జం వేసి ఒక కడియం దూర్చి, దాని అతుకు మీద ముద్ర బిగిస్తారు. వేంగి చాళుక్యుల ముద్ర మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే అక్షరాలు కనిపిస్తాయి. నాగలికి తగిలి ఇలాంటిది బయటపడితే రైతు కంటికి అది రాగి మాత్రమే. తూకానికి వేస్తే నాలుగు డబ్బులొస్తాయి, కరిగితే చెంబవుతుంది. అలా చెంబులైపోయిన రాజులెందరో!

అయినా రాగిరేకు నయం. తన ఊరూ పేరూ తనే చెప్పుకుంటుంది. విగ్రహానికీ, పూసకూ, కుండపెంకుకూ నోరు లేదు. ఎక్కడ దొరికిందో, ఎంత లోతులో, పక్కన ఏముందో రాసిపెట్టకపోతే అద్దాల పెట్టెలో పెట్టినా అది అనాథే. నా మటుకు నాకు మ్యూజియంలో అన్నిటికంటే విలువైనది విగ్రహం కాదు, దాని పక్కన 'దొరికిన చోటు' అని రాసిన చీటీ.

1967లో మ్యూజియాన్ని రాష్ట్ర ప్రభుత్వం తీసుకుంది. కాపలా, కప్పు, కరెంటు సర్కారు చూసుకుంటుంది. కానీ ఊరూరా తిరిగి అడిగే పని ఏ ఉద్యోగి ఒక్కడి వల్లా కాదు. ఆ పని మనలాంటి రిటైరైన వాళ్ళది. మన బ్యాచ్ వాళ్ళం నలుగురం ఆదివారాలు ఒక నోటుపుస్తకం పట్టుకుని తిరుగుతున్నాం. రావిచెట్టు కింద నంది ఉంటే ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతాం. కుర్రాళ్ళకు తెలియదు. ఎనభై ఏళ్ళ మామ్మగారు మాత్రం, "చెరువు తవ్వినప్పుడు వచ్చింది బాబూ, మా మామగారు బండి మీద వేయించి తెచ్చారు" అంటుంది. ఏ చెరువు, ఏ గట్టు అని అడిగి రాసుకుంటాం. రెండేళ్ళు ఆలస్యమైతే ఆ మాట ఉండదు.

వచ్చేవాళ్ళకు ఒకటి రెండు సంగతులు చెప్పాలి. ఏ వస్తువునూ కదల్చకండి, కడగకండి, సున్నం గీకకండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఊరు, సర్వే నంబరు, చెప్పిన వారి పేరు, తేదీ రాయండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం. పది రూపాయలేమిటని నవ్వుకున్నా చట్టం చట్టమే. ఇంట్లో డెబ్బై అయిదేళ్ళు దాటిన తాళపత్ర గ్రంథాలుంటే, 1972 చట్టం ప్రకారం అవి పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. అటకెక్కించి మరిచిపోకండి, చెదలు చట్టాలు చదవవు.

మా పుస్తకంలో ఇప్పటికి పదకొండు ఊళ్ళు ఎక్కాయి. నందంపూడి అయింది. కోరుమిల్లి సంక్రాంతి వెళ్ళాక పెట్టుకున్నాం. కారులో ఇంకా ఒకరికి చోటుంది.