సెరిబ్రల్ పాల్సీ: పిల్లలకు థెరపీ ఎక్కడ దొరుకుతుంది?

నాలుగు నెలలు నిండినా మీ బిడ్డకు మెడ నిలవడం లేదా? తొమ్మిది నెలలైనా కూర్చోలేకపోతోందా? ఏడాది లోపే ఎప్పుడూ ఒకే చేతిని వాడుతోందా? ‘కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తార్లే’ అని ఊరుకోవద్దు. ఇవి సెరిబ్రల్ పాల్సీ లక్షణాలు కావచ్చు. పిల్లల వైద్యుడికి చూపించండి.

ఎందుకు తొందర?
మెదడుకు తగిలిన దెబ్బను పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆ దెబ్బ పెరగదు కూడా. కానీ థెరపీ అందకపోతే కండరాలు బిగుసుకుపోయి కీళ్లు వంగిపోతాయి.

ఏయే చికిత్సలు?
* ఫిజియోథెరపీ: కూర్చోవడం, నిలబడటం, నడక
* ఆక్యుపేషనల్ థెరపీ: తినడం, బట్టలు వేసుకోవడం వంటి రోజువారీ పనులు
* స్పీచ్ థెరపీ: మాటతో పాటు మింగడంలో ఇబ్బందులు
* బిగుతు ఎక్కువైతే: బాక్లోఫెన్ మందు, బొటాక్స్ ఇంజెక్షన్లు, స్ప్లింట్లు, కొందరికి ఆపరేషన్

ఎక్కడికి వెళ్లాలి?
రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో (డీఈఐసీ) 18 ఏళ్ల లోపు పిల్లలకు సేవలు ఉచితం. దారి తెలియకపోతే ఆశా కార్యకర్తను గానీ, అంగన్‌వాడీ టీచర్‌ను గానీ అడగండి.

ఖర్చుకు సాయం ఉందా?
వైకల్య ధ్రువపత్రం (సదరం/యూడీఐడీ) ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమాలో చేరవచ్చు. ఏడాదికి రూ.లక్ష వరకు వర్తిస్తుంది. థెరపీ ఖర్చులూ ఇందులో ఉంటాయి.

గుర్తుంచుకోండి: ధ్రువపత్రం చేతికొచ్చేదాకా థెరపీ ఆపొద్దు. థెరపిస్టు నేర్పిన వ్యాయామాలు ఇంట్లో రోజూ చేయించండి.