ఒకే ద్వేషం, రెండు శాసనాలు: కెనడా, అమెరికా దేశాల్లో భారతీయ వలస నిషేధం

1907 సెప్టెంబరు 4న అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌లో శ్వేతజాతి మూకలు కలప మిల్లుల పంజాబీ కార్మికులను కొట్టి ఊరు వెళ్లగొట్టాయి. మూడు రోజులకే సరిహద్దు కావల, కెనడాలోని వాంకూవర్‌లో, చైనీయుల, జపనీయుల వాడలపై దాడులు జరిగాయి. ప్రజావైఖరిలో భేదం లేదు, భేదమంతా శాసనభాషలోనే. భారతీయులూ బ్రిటిష్ ప్రజలే కనుక, సామ్రాజ్యంలో భాగమైన కెనడా వారిని పేరుపెట్టి నిషేధించలేకపోయింది. స్వదేశం నుంచి ఎక్కడా ఆగక నేరుగా వచ్చినవారికే ప్రవేశమని 1908లో నిబంధన చేసి, అట్టి ప్రయాణానికి టిక్కెట్టే దొరకకుండా చూసింది. నిషేధమనే మాట లేని నిషేధమిది. 1914లో కొమగాట మారు నౌకలోని 376 మందిలో అత్యధికులను తిప్పిపంపడానికి ఈ నిబంధననే చూపింది. సామ్రాజ్యబంధం లేని అమెరికాకు ఇంత చాటు అక్కరలేకపోయింది. 1917 చట్టంలో అక్షాంశ రేఖాంశాలతో హద్దులు గీసి, భారతదేశంతో సహా ఆసియాలో అధికభాగాన్ని బాహాటంగా నిషేధించింది. 1946లో అమెరికా భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ఇచ్చింది. కెనడా నిబంధన 1947 దాకా నిలిచింది.