'అనుచరులు' కాదు, అన్నదమ్ములు: గాం గంటం దొర, గాం మల్లు దొర



అమీర్‌పేట, పంజగుట్ట హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుతున్న మనందరికీ రంప తిరుగుబాటు బిట్టు నోటికొచ్చు. 1922–24, అల్లూరి సీతారామరాజు, చింతపల్లి పోలీస్ స్టేషన్. దాని కిందే ఇంకో లైను ఉంటది: అనుచరులు గంటం దొర, మల్లు దొర. అంతే, పేజీ తిప్పేస్తాం. ఈ పోస్టు ఆ 'అనుచరులు' అనే ఒక్క మాట గురించి.

ముందు తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. మనకి 'దొర' అనగానే గడీ, వెట్టి గుర్తొస్తాయి. విశాఖ, గోదావరి మన్యంలో అలా కాదు. అక్కడ దొర అంటే ఆదివాసీ పెద్దమనిషి పేరు చివర వచ్చే మర్యాద. గాం అనేది ఇంటిపేరు. కాబట్టి గాం గంటం దొర, గాం మల్లు దొర జమీందార్లు కారు, మనోళ్ళే. ఒక ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు.

వాళ్ళది గూడెం కొండల్లోని బట్టిపనుకుల. ఆ రోజుల్లో మన్యం ముఠాలుగా ఉండేది. ముఠాకి ముఠాదారు, ఊరికి మునసబు. ఈ పెద్దరికాలు ఇంటి వారసత్వంగా వచ్చేవి. తెల్లోళ్ళు వచ్చాక పెద్దరికం పేరుకే మిగిలింది, పగ్గాలు తహసీల్దారు చేతికి పోయాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు నేరమైంది. కట్టె కొట్టినా, పశువుల్ని మేపినా గార్డు చెయ్యి చాపేవాడు. దానికి తోడు నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డు పని. గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండోళ్ళని బలవంతంగా ఆ పనికి తోలి, చాలీచాలని కూలి పడేసేవాడు. గంటం దొరకి బాస్టియన్‌తో తగాదా వచ్చింది. ఊరి పెద్దరికం పోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. రాజు చెప్తే కోపం తెచ్చుకున్నవాళ్ళు కాదు వీళ్ళు. ఆ కోపం అప్పటికే వాళ్ళ ఇంట్లో ఉంది, వాళ్ళ పొలంలో ఉంది. మన్యంలో అయితే ఇంకా ముందు నుంచే ఉంది. 1879లో కారం తమ్మన్న దొర లేచాడు. 1916లో లాగరాయి పితూరీ జరిగింది. సీతారామరాజు ఆ కోపానికి ఒక దారి చూపాడు, ఒక క్రమశిక్షణ నేర్పాడు. అది చిన్న పని కాదు. కానీ కొండ దారులు తెలిసినోళ్ళు, ఊళ్ళల్లో మాట చెల్లేవాళ్ళు, తిండీ కబురూ అందించేవాళ్ళు లేకుండా ఏ నాయకుడూ అడవిలో రెండేళ్ళు నిలబడలేడు. ఆ బలం గాం అన్నదమ్ములది, ఎండు పడాలుది, గోకిరి ఎర్రేసుది, పేర్లు ఎక్కడా ఎక్కని వందలమందిది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. తుపాకులు, తూటాలు తీసుకున్నారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న లాగరాయి వీరుడు మొట్టడం వీరయ్య దొరని విడిపించారు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో కాపు కాశారు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులని పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల మీద కాల్చారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు.

ఈ ఒక్క సంఘటనలోనే యుద్ధం స్వభావం తెలుస్తుంది. ఆర్డరు తెల్లోడిది, కానీ ఎదురుగా తుపాకీ పట్టినోడు చాలాసార్లు ఈ దేశపోడే. మలబారు నుంచి స్పెషల్ పోలీసుల్ని దింపారు. 1922 డిసెంబర్ 6న పెదగడ్డపాలెం దగ్గర వాళ్ళతో జరిగిన పోరులో మనోళ్ళు చాలామంది పోయారు. 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చింది. మన్యంలో కూడా అందరూ ఒక పక్కన లేరు. సర్కారుతో నిలబడ్డ ముఠాదార్లున్నారు, భయంతోనో ఆశతోనో ఆచూకీ చెప్పినవాళ్ళూ ఉన్నారు. సర్కారు రాజు తలకి 10,000 రూపాయలు, గంటం దొర, మల్లు దొరల తలలకి వెయ్యేసి కట్టింది. ఆ రోజుల్లో కొండ మీద బతికే మనిషికి వెయ్యి రూపాయలంటే ఎంతో ఊహించుకోండి. పైగా తిరుగుబాటుదారులకి తిండి పెట్టారని ఊళ్ళని పీడించారు. అన్నం పెడితే పోలీసు కొడతాడు, పెట్టకపోతే మనవాడు ఆకలితో పోతాడు. యుద్ధం అంటే ఇదే, తుపాకీ పట్టనోళ్ళ మీద కూడా పడుద్ది.

1923 సెప్టెంబర్‌లో మల్లు దొర దొరికిపోయాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజుని కాల్చి చంపారు. పుస్తకాల్లో కథ అక్కడే ముగుస్తుంది. నిజానికి అక్కడ ముగియలేదు. నాయకుడు పోయాక కూడా గంటం దొర లొంగిపోలేదు. ఇంకో నెల పోరాడి, జూన్‌లో పోలీసుల తూటాలకి నేలకొరిగాడు. 'అనుచరుడు' అయితే రాజుతోపాటే ఆగిపోయేవాడు. ఆగలేదంటే అది అతని సొంత యుద్ధం కాబట్టే.

మల్లు దొరకి ఉరిశిక్ష పడింది, తర్వాత అది ద్వీపాంతర శిక్షగా మారింది. అండమాన్ పంపారు. బతికి తిరిగొచ్చాడు. 1952లో దేశానికి మొదటి ఎన్నికలు వస్తే, ఇద్దరు సభ్యుల విశాఖపట్నం నియోజకవర్గం నుంచి ఇండిపెండెంటుగా గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. సర్కారు తలకి వెల కట్టిన మనిషి, ముప్పై ఏళ్ళ తర్వాత ఢిల్లీలో ఎంపీ. ఒకే ఇల్లు, ఒకే పోరు. ఒకరికి తూటా దక్కింది, ఇంకొకరికి ఓటు దక్కింది.

ఇక్కడి నుంచి ట్యాంక్‌బండ్ ఎంతో దూరం లేదు. అక్కడ అల్లూరి విగ్రహం ఉంది, మన కొమరం భీం విగ్రహం ఉంది. ఉండాలి కూడా. గాం అన్నదమ్ములు మాత్రం లేరు. విగ్రహం పెట్టడం మన చేతిలో లేకపోవచ్చు. పరీక్షలో బిట్టు వస్తే ఆన్సరు 'అనుచరులు' అనే పెట్టండి, మార్కు పోగొట్టుకోకండి. కానీ తమ్ముడికి చెప్పేటప్పుడు, ఊళ్ళో పిల్లలకి చెప్పేటప్పుడు వాళ్ళని సేనానులని చెప్పండి.

ఇంకో పని. ఈ పండక్కి ఇంటికెళ్ళినప్పుడు తాతనీ అవ్వనీ అడగండి: మన ఇంట్లో, మన గూడెంలో, మన తండాలో ఎవరెవరు పోరాటాల్లోకి వెళ్ళారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు అని. పేర్లు రాసుకోండి. మన చరిత్ర ఇంకా చాలావరకు పెద్దోళ్ళ నోట్లోనే ఉంది. వాళ్ళు పోతే అదీ పోద్ది.

గాం గంటం దొరకి, గాం మల్లు దొరకి జోహార్లు.