గ్రహణం – గ్రహణశక్తి: 1868 నాటి కృష్ణా జిల్లా ఆకాశం

తెలుగులో ‘గ్రహణం’ అనే మాటకు రెండు ప్రధానార్థాలున్నాయి. సూర్యచంద్రులు మరుగుపడడం ఒకటి. విషయాన్ని ఇంద్రియంతోనో బుద్ధితోనో అందుకోవడం మరొకటి. పట్టుకొనడమనే మూలార్థం రెండింటికీ సమానం. గ్రహణ దశలకు జ్యోతిష సిద్ధాంతాలు పెట్టిన పేర్లు కూడా గమనింపదగినవి. స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం అనే ఐదింటిలో స్పర్శ చర్మేంద్రియానికి చెందిన మాట. నిమీలనోన్మీలనాలు కన్ను మూయడం, తెరవడం. ఆకాశంలో జరిగే సంఘటనకు మనిషి తన శరీరానుభవం నుంచే పేర్లు ఏరుకొన్నాడు. విశ్వాన్ని గురించిన జ్ఞానం మానవ గ్రహణశక్తి చేత ఎట్లా రూపుదిద్దుకొంటుందో, ఎక్కడ పరిమితమవుతుందో తెలుసుకోవడానికి తెలుగునేల మీద దర్శనమిచ్చిన 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం తగిన ఆధారం. ఆ గ్రహణాన్ని ప్రత్యక్షప్రమాణ చర్చ వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే జిల్లా, పలు చూపులు

గుంటూరు జిల్లా మళ్లీ విడిగా ఏర్పడింది 1904లో. 1868 నాటికి గుంటూరు, మచిలీపట్నం, తిరువూరు మూడూ కృష్ణా జిల్లాలోనివే. గ్రహణఛాయ సాగే దారిని ముందే లెక్కగట్టిన యూరపు శాస్త్రజ్ఞులు ఈ జిల్లాను ఎంచుకొన్నారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఆంగ్లేయుడైన మేజర్ టెన్నంట్ గుంటూరులో విడిది చేశారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. అదే నక్షత్రశాలలో ప్రథమ సహాయకుడైన చింతామణి రఘునాథాచార్యులు మరొక బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు.

గుంటూరులో సంపూర్ణ దశ ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. జిల్లాకు ఉత్తరాన ఉన్న తిరువూరు సీమలోనూ ఆ ఉదయం సూర్యబింబం చాలావరకు కనుమరుగైంది. గుంటూరులో వర్ణపటదర్శిని, తిరువూరులో వట్టి కన్ను: సాధనాలు వేరు, చూడబడిన సూర్యుడు ఒకడే.

వట్టి కంటికి ఆ దృశ్యంలో ఒక పెద్ద లోటు ఉంది. సూర్యుణ్ణి కప్పుతున్న చంద్రుడు అమావాస్య చంద్రుడు. సూర్యుని కాంతిలో అతడు కనిపించడు. కంటికి తెలిసేది సూర్యబింబం అంచునుంచి తరిగిపోవడం మాత్రమే. కనిపించని దేదో కనిపించేదాన్ని మింగుతున్నదనే భావన ఆ ప్రత్యక్షానుభవానికి నమ్మకమైన అనువాదమే. రాహువు కథను అజ్ఞానమని తోసిపుచ్చేవారు ఈ సంగతిని మరువరాదు. ప్రత్యక్షం ఇవ్వని చంద్రుణ్ణి అనుమానప్రమాణం ఇచ్చింది. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే గ్రహణాన్ని ఛాయల వల్ల కలిగేదిగా వివరించాడు. సిద్ధాంతులు రాహువు పేరును విడిచిపెట్టలేదు. చంద్రమార్గం క్రాంతివృత్తాన్ని ఖండించే బిందువుకు దాన్ని అన్వయించుకొన్నారు. పేరు నిలిచింది, అర్థం మారింది.

సంపూర్ణ గ్రహణమనేది కూడా ద్రష్ట నిలిచిన చోటిపై ఆధారపడినదే. సూర్యుని వ్యాసం చంద్రుని వ్యాసానికి దాదాపు 400 రెట్లు. భూమినుంచి దూరమూ దాదాపు అన్ని రెట్లే. అందువల్ల రెండు బింబాలూ మన కంటికి సుమారు అర డిగ్రీ పరిమాణంలో సమానంగా తోస్తాయి. ఈ సమానత్వం సూర్యునిలోనూ లేదు, చంద్రునిలోనూ లేదు. భూమి మీది చూపులో ఉంది.

దృక్కు, గణితం

గణితం చూపుకు లోబడాలా, చూపును గణితం నడపాలా అన్న వివాదం మన పంచాంగ చరిత్రలో పాతది. కేరళకు చెందిన పరమేశ్వరుడు 1431లో రచించిన గ్రంథానికి ‘దృగ్గణితం’ అని పేరు పెట్టడంలోనే ఆ వివాదం కనిపిస్తుంది. గణించిన స్థానం కంటికి కనిపించే స్థానంతో సరిపోవాలన్నది దాని సారం. రఘునాథాచార్యులు 19వ శతాబ్దిలో ఇదే పక్షం వహించి, దూరదర్శినితో పొందిన ఫలితాలకు అనుగుణంగా పంచాంగాన్ని సవరించాలని వాదించాడు. అతని దృష్టిలో దూరదర్శిని సంప్రదాయానికి బయటిది కాదు, ‘దృక్కు’కు కొనసాగింపు. అయితే పరికరం చూపును పెంచినంత మాత్రాన చూచినది ఏమిటో తేలిపోదని 1868 ఆగస్టు 18నాటి పరిశీలనలు నిరూపించాయి.

పసుపు గీత: నిర్వికల్పకం నుంచి సవికల్పకానికి

ఆ ఉదయం పరిశీలకులు సూర్యుని అంచున లేచే జ్వాలలపై వర్ణపటదర్శినిని నిలిపారు. మెరిసే గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువులు. ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటి. టెన్నంట్ దానిని ‘డి’ గీతగా, అనగా సోడియం గీతగా గుర్తించాడు. పాగ్సన్ అది డి స్థానంలోనో, దానికి దగ్గరలోనో ఉన్నదని నమోదు చేశాడు. అది ఎవరికీ తెలియని పదార్థపు గీత అని ఆ రోజు ఎవరూ ప్రకటించలేదు.

ఈ ఘట్టాన్ని అర్థం చేసుకొనడానికి న్యాయశాస్త్రం చేసిన విభాగం తోడ్పడుతుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ప్రత్యక్షాన్ని నిర్వికల్పకమనీ సవికల్పకమనీ రెండుగా విభజించాడు. ఏ విశేషణమూ లేక వస్తువు తోచడం మొదటిది. ‘ఇది ఫలానా’ అని నామజాత్యాదులతో కూడి తోచడం రెండవది. వర్ణపటంలో పసుపు గీత తోచడం నిర్వికల్పకానికి దగ్గరి స్థితి. ‘ఇది సోడియం’ అనుకొనడం సవికల్పకం. ఆ రెండింటి నడుమ పూర్వసంస్కారం ప్రవేశించింది. పసుపు గీత అనగానే సోడియం స్ఫురించే అలవాటు నాటి ప్రయోగశాలల్లో స్థిరపడి ఉంది. ముత్యపుచిప్పలో వెండిని చూచినవాడికి వెండి మునుపే తెలిసి ఉండాలన్న నైయాయికుల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సోడియం తెలిసినందువల్లనే హీలియం మరుగుపడింది.

భేదం నిజంగా స్వల్పమే. సోడియం జంట గీతల తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు, కొత్త గీతది 587.6. రంగుగా చూస్తే అన్నీ పసుపే. కొలిచినప్పుడే భేదం భేదంగా నిలిచింది. ఆ కొలత ఇంగ్లండులో లాక్యర్ చేశాడు. 1868 అక్టోబరు 20న గ్రహణం లేకుండానే సూర్యజ్వాలలను పరిశీలించిన అతడు తర్వాతి పరిశీలనల్లో ఈ గీత సోడియంతో కలవదని తేల్చాడు. దానికి డి3 అని పేరు వచ్చింది. దాని వెనుక ఉన్న మూలకానికి గ్రీకు సూర్యనామం ఆధారంగా ‘హీలియం’ అన్న పేరు ఏర్పడింది. అది లోహమనే ఊహతో లోహనామాలకు చేర్చే ‘ఇయం’ ప్రత్యయాన్ని చేర్చారు. 1895లో రామ్సే భూమి మీది ఖనిజం నుంచి హీలియంను వేరుచేసిన తర్వాత అది వాయువని స్థిరపడింది. ప్రత్యయం మాత్రం అట్లాగే నిలిచింది. పాత ఊహ మూలకం పేరులో నేటికీ శిలాజంలా మిగిలి ఉంది.

గుంటూరు కీర్తి ఏమిటి?

‘గుంటూరులో హీలియం కనుగొన్నారు’ అనే వాక్యం తెలుగు పాఠ్యరచనల్లోను, స్థానిక చరిత్రల్లోను తరచు వినిపిస్తుంది. పై వివరాల దృష్ట్యా ఈ వాక్యాన్ని సవరించుకోవలసి ఉంది. గుంటూరులో జాన్సెన్ సాధించినది వేరొకటి. జ్వాలల గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకున్నా కనిపించాలని అతడు ఊహించి, మరునాడు ఆగస్టు 19న వాటిని మామూలు పగటి వెలుగులోనే చూచాడు. అతని లేఖ, లాక్యర్ నివేదిక రెండూ అక్టోబరు 26న ఫ్రెంచి అకాడమీ ముందుకు వచ్చాయి. ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి రూపాలతో పతకం వేయించినది ఈ పద్ధతిని గౌరవించడానికే.

ఈ సవరణ గుంటూరు ప్రతిష్ఠను తగ్గించదు. గ్రహణ పరిశీలన అంతవరకు కొద్ది నిమిషాల చీకటికి కట్టుబడి ఉండేది. ఏనాడో వచ్చే ఆ నిమిషాల కోసం సముద్రాలు దాటి ఎదురుచూడవలసి వచ్చేది. ఆ నిర్బంధం గుంటూరులో తొలగింది. ఒక మూలకపు పేరు కన్న ఇది పెద్ద ఫలితం. పైగా హీలియం కనుగొన్న ఘనతను ఒక ఊరికి, ఒక ఉదయానికి కట్టిపెడితే జ్ఞానం ఏర్పడిన క్రమమే మరుగున పడుతుంది. గీత తోచడం, దాన్ని పొరపాటుగా గుర్తించడం, కొలవడం, పేరు పెట్టడం, భూమి మీద పట్టుకొనడం అనే ఈ ఐదు దశలకు 27 ఏళ్లు పట్టింది.

ముగింపు

తిరువూరులో సూర్యుడు తరిగిపోవడం చూచిన కన్నుకూ, గుంటూరులో పసుపు గీతను సోడియంగా చదివిన కన్నుకూ మధ్య ఉన్నది సాధనభేదమే గాని స్వభావభేదం కాదు. రెండూ తమకు తెలిసినదానితో తెలియనిదాన్ని పూరించుకొన్నాయి. దూరదర్శిని, వర్ణపటదర్శిని కంటికి అందే విషయాన్ని విస్తరించాయి. ‘ఇది ఫలానా’ అనే నిర్ణయాన్ని మాత్రం సంస్కారానికే వదిలాయి. ఆ నిర్ణయాన్ని తిరిగి కొలతకు నిలబెట్టడంలోనే శాస్త్రం ముందుకు సాగింది. విశ్వంలోని సాధారణ పదార్థపు ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు హీలియమే. అంత విస్తారమైనది కృష్ణా జిల్లా ఆకాశంలో ఒక గీతగా కంటబడి కూడా గుర్తింపు పొందలేదు. గ్రహణం పట్టినది ఆ ఉదయం సూర్యునికి మాత్రమే కాదని తెలుగు మాటలోని రెండో అర్థం గుర్తుచేస్తుంది.