గ్లాడ్‌స్టన్ మానవత్వం: బల్గేరియా నుంచి ఈజిప్టు దాకా

గ్లాడ్‌స్టన్‌ను గురించి రెండు తీర్పులు ప్రచారంలో ఉన్నాయి. ఆయన పీడిత జాతుల మిత్రుడని ఒకటి. సామ్రాజ్యవాదానికి భక్తి ముసుగు వేసిన బూటకపు మనిషని రెండవది. రెండూ తేలికపాటి తీర్పులేనని నా అభిప్రాయం. ఆయన నమ్మకం నిజమైనదే. అది బ్రిటిషు విదేశాంగ విధానాన్ని ఎక్కడ వంచగలిగింది, ఎక్కడ తానే వంగిపోయింది అన్నది మనం తేల్చుకోవలసిన విషయం.

1850-51 శీతకాలంలో ఇటలీలోని నేపుల్స్‌లో రాజకీయ ఖైదీలు సంకెళ్ళతో మగ్గడం ఆయన కళ్ళారా చూశాడు. అప్పటికాయన విప్లవాలంటే గిట్టని సంప్రదాయవాది. అయినా 1851లో లార్డ్ అబర్డీన్‌కు రాసిన బహిరంగ లేఖలలో ఆ ప్రభుత్వాన్ని ఎండగట్టాడు. విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ ఆ లేఖల ప్రతులను యూరపు రాజధానులకు పంపించాడు. నేపుల్స్ ప్రభుత్వం ఖండన ప్రకటించి ఊరుకుంది. ఖైదీల సంకెళ్ళు అప్పుడే తెగలేదు.

1876లో పరిస్థితి వేరు. టర్కీ ఏలుబడిలోని బల్గేరియాలో తిరుగుబాటును అణచే పేరుతో బాషీబజూకు దళాలు వేలమందిని ఊచకోత కోశాయి. బాతాక్ గ్రామం శ్మశానమయింది. 'డైలీ న్యూస్' పత్రిక బయటపెట్టిన వార్తలను ప్రధాని డిజ్రేలీ కొట్టిపారేశాడు. రష్యాకు అడ్డుగోడగా టర్కీని నిలబెట్టి, ఇండియా దారిని కాపాడుకోవడం ఆయన విధానం. గ్లాడ్‌స్టన్ కలం పట్టకముందే కార్మికులూ, చర్చి సంఘాలవారూ ఊరూరా సభలు జరిపారు. సెప్టెంబరు 6న వెలువడిన ఆయన కరపత్రం నెల తిరక్కుండా రెండు లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1877లో రష్యా టర్కీపై యుద్ధం ప్రకటించింది. 1854లో లాగా టర్కీ పక్షాన కత్తి దూయడం బ్రిటన్‌కు ఈసారి సాధ్యం కాలేదు. జనం కదిలినందువల్లనే నమ్మకం విధానమయింది.

1879 నవంబరులో స్కాట్లండులోని మిడ్‌లోథియన్ ప్రజలకు, ఆఫ్ఘన్ కొండపల్లెల వారి ప్రాణం తమ ప్రాణమంత పవిత్రమైనదేనని ఆయన బోధించాడు. 1880లో అధికారానికి వచ్చాడు. 1881లో సైన్యం కాందహారును ఖాళీ చేసింది. లిట్టన్ 1878లో మన దేశభాషా పత్రికల నోరు నొక్కడానికి తెచ్చిన చట్టాన్ని పార్లమెంటులో వ్యతిరేకించిందీ ఆయనే. ఆయన నియమించిన వైస్రాయి రిప్పన్ 1882లో దాన్ని రద్దు చేశాడు.

కాని అదే 1882లో ఈజిప్టు వచ్చింది. అప్పుల పేరుతో అక్కడి ఖజానాను బ్రిటన్, ఫ్రాన్సులు తమ అదుపులో పెట్టుకున్నాయి. దాన్ని ఎదిరిస్తూ రైతుబిడ్డ అయిన అరాబీ నాయకత్వాన జాతీయోద్యమం లేచింది. జూన్‌లో అలెగ్జాండ్రియాలో అల్లర్లు జరిగి యూరోపియన్లూ, ఈజిప్షియన్లూ చనిపోయారు. జులై 11న బ్రిటిషు నౌకలు ఆ నగరం మీద ఫిరంగులు పేల్చాయి. సెప్టెంబరు 13న తెల్ ఎల్ కెబీర్‌లో అరాబీ ఓడిపోయాడు. ఆ యుద్ధానికి ఇండియా సిపాయిలను తీసుకుపోయి, ఖర్చులో కొంత ఇండియా ఖజానా మీదనే రుద్దారు. మంత్రి జాన్ బ్రైట్ రాజీనామా ఇచ్చాడు. గ్లాడ్‌స్టన్ మాత్రం ఈజిప్టును అరాచకం నుంచి కాపాడుతున్నాననే నమ్మాడు.

ఆయన సొంత పెట్టుబడిలో మూడో వంతుకు పైగా ఈజిప్టు రాబడి హామీగా ఉన్న బాండ్లలో ఉండేదని తరువాతి చరిత్రకారులు చూపారు. ఆ డబ్బు కోసమే ఆయన యుద్ధం చేశాడని నేననను. అంతకంటె లోతైన సంగతి ఉంది. బాండ్లు కొన్న వర్గానికి అప్పు తీర్చడమే నాగరికత, నిరాకరించడమే అరాచకం. ఆ దృష్టి ఆయన అంతఃకరణలోనే కాపురముంది. బల్గేరియా రైతు టర్కీ కత్తికి బలి అయ్యాడు. అతని కోసం కన్నీరు కార్చడానికి లండను ఏమీ వదులుకోనక్కరలేదు. ఈజిప్టు రైతు ఎదిరించింది లండను వడ్డీని. అతని కోసం బ్రిటన్‌లో జనం పెద్దయెత్తున కదలనూ లేదు.

తాత్కాలికమని చెప్పిన ఆ ఆక్రమణకు చెందిన దళాలు సూయజ్ స్థావరాన్ని విడిచింది 1956 జూన్‌లో. పాలకుల మానవత్వాన్ని వారి ఉపన్యాసాల వేడిని బట్టి కొలవవద్దు. తమ వర్గానికి నష్టం తెచ్చే న్యాయం ఎదురైనప్పుడు వారేం చేశారో అడగాలి. ఆ ప్రశ్నకు 1876 నాటి జనం మంచి జవాబు రాబట్టారు. 1882లో అడిగేవారు చాలినంతమంది లేకపోయారు.