మన పెరటి గుమ్మడి, బంతి ఎక్కడివి?

మన చిత్తూరు జిల్లాలో పెరడున్న ఇంట గుమ్మడి పాదు, దాని ప్రక్కన నాలుగు బంతి మొక్కలు ఉండుట చిన్ననాటి నుండి మనమెరిగినదే. ధనుర్మాసంలో వీధి ముగ్గులలో గొబ్బెమ్మల తలపై నిలిచేవి కూడా ఈ రెండు పూలే. ఇంతకు మించిన తెలుగుదనం వేరే లేదనిపించును. అయినను ఈ రెండూ సముద్రం దాటి వచ్చినవే.

తీపి గుమ్మడికి, బంతికి పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కళ్ళికోటలో దిగిన పిమ్మట, పోర్చుగీసు ఓడల రాకపోకలతో మిరప వచ్చినట్లే ఇవీ మన దేశానికి వచ్చినవని పండితుల అభిప్రాయం. అంతకు పూర్వం మనవారెరిగిన గుమ్మడి బూడిద గుమ్మడి. “గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు” అను సామెతే దీనికి సాక్షి. భుజానికి అంటే బూడిద తీపి గుమ్మడికి ఎక్కడున్నది?

అమెరికా పంట అనగానే మిషనరీ దొరలు తెచ్చినదని కొందరికి తోచవచ్చును. స్కడ్డర్ సోదరుల అమెరికన్ ఆర్కాటు మిషను ఏర్పడినది 1853లో. జేకబ్ ఛేంబర్లెన్ దొరగారు మదనపల్లెలో కాపురం పెట్టినది 1863లో. అప్పటికే ఎన్నో తరాలుగా మన రైతులు గుమ్మడి పండించుచున్నారు. బడికి, వైద్యానికి వారికి ఋణపడి ఉన్నాము గాని, గుమ్మడికి కాదు. ఆ ఖ్యాతి పేరు తెలియని మన పల్లె స్త్రీలది. గింజను బూడిదలో కలిపి ఆరబెట్టి, ఏటేటా దాచి, ఇరుగుపొరుగులకు పంచినది వారే.

పూల కథ కూడా ఇటువంటిదే. చామంతి చీనా దేశపుది. కనకాంబరం మాత్రం మన దేశానిదే. తిరుమల కొండపై పూలన్నీ స్వామివేనని స్త్రీలు తలలో పూలు తురుముకొనని ఆచారం నేటికీ ఉన్నది. పూలను అంతగా ఎంచిన సీమ మనది.

మా సంఘాలలో కోత పండుగనాడు గుమ్మడికాయలు తెచ్చి అర్పించి, ఆరాధన ముగిసిన పిమ్మట వేలం వేయుట వాడుక. ఇప్పుడు బావులెండి, పెరళ్ళు ఇళ్ళుగా మారి, వేలానికి వచ్చే కాయ చాలమట్టుకు సంతలో కొన్నదే. సంకర విత్తనపు కాయ నుండి తీసిన గింజ తల్లిని పోలి రాదు. బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థవారి అర్క చందన్ సంకరం కాదు గనుక దాని గింజ దాచుకొనవచ్చును. నాటు విత్తనం ఇంకా ఉన్న ఇల్లు దొరికితే మరీ మంచిది.

అయితే పొరుగు పెరటి గుమ్మడితో తేనెటీగలు పుప్పొడి కలిపివేయును. కనుక మరునాడు విచ్చబోయే ఆడ మొగ్గను, అనగా క్రింద చిన్న పిందె ఉన్నదానిని, ముందురోజు సాయంత్రమే దారంతో కట్టవలెను. మగ మొగ్గను కూడా అట్లే కట్టవలెను. తెల్లవారగానే రెండూ విప్పి, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్ది, ఆడపువ్వును మరల కట్టి, ఆ కాయ తొడిమకు గుర్తుగా గుడ్డపేలిక చుట్టవలెను. విత్తనానికి ఆ కాయనే ఉంచుకొనవలెను.